లాకు కానిది

నా పేరు సుబ్బరత్నం. ఆ పేరు పెట్టినందుకు మా నాయనమ్మ మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపం. ఆవిడ పోయి ఇరవయ్యేళ్లయినా అది తగ్గలేదు. కోపం నాకు తొందరగా వస్తుంది, తాపీగా పోతుంది. మాట సంగతీ అంతే. ముందు నోట్లోంచి ఊడిపడుతుంది, ఆలోచన ఎప్పటికో వెనకాల వచ్చి చేరుతుంది. అలా ఊడిపడిన ఒక్క మాట గురించే ఇదంతా.

1993లో రోజూ ఉయ్యూరు నుంచి బస్సులో బెజవాడ వచ్చి, గవర్నరుపేటలో కోటేశ్వర గ్రాఫిక్స్ అనే డి.టి.పి. సెంటర్లో పనిచేసేదాన్ని. పొద్దున బయల్దేరేటప్పుడు షుగర్ ఫ్యాక్టరీ మడ్డి వాసన జుట్టుకి పట్టుకునేది. షాపులోకి వెళ్లగానే ఏసీ చల్లదనానికి, లేజర్ ప్రింటర్లోంచి వచ్చే వేడి కాగితం వాసనకి అది మర్చిపోయేదాన్ని. ఇంట్లో ఫ్యానుకే గతిలేని రోజుల్లో కంప్యూటర్ల పుణ్యాన ఏసీలో కూచునేవాళ్లం. పెళ్లికార్డులు, కరపత్రాలు, దినాల కార్డులు ఒకే చేత్తో కొట్టేదాన్ని. ఇప్పటికీ నా బతుకులో అంత బాగున్న రోజులు ఏవంటే అవే చెబుతాను.

షాపులో అన్నిటికంటే గొప్పది కంప్యూటర్ కాదు, లాకు. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌తో పాటు కంపెనీవాళ్లు ఇచ్చేవాళ్లు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క, ఒకవైపు ఇరవై అయిదు పిన్నులు. కంప్యూటర్ వెనకాల ప్రింటరు వైరు పెట్టేచోట ముందు దీన్ని స్క్రూలతో బిగించి, దీని వీపుకి ప్రింటరు వైరు తగిలించాలి. ఇది లేకపోతే తెరమీద ఒక్క తెలుగు అక్షరం పడదు. పోతే సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ కొనుక్కోవాల్సిందే. మా ఓనరు రామకోటేశ్వరరావుగారు పొద్దున్నే దేవుడి పటానికి అగరువత్తి తిప్పి, అదే అగరువత్తితో కంప్యూటర్ వెనక్కి వెళ్లి లాకుకి కూడా ఓసారి తిప్పి వచ్చేవారు. ప్రింటరు వైరు పెట్టేచోట ఏది కనబడినా అది లాకే. మాకు అంతకుమించి తెలియదు.

రెండో మిషను మీద, లాకు అక్కర్లేని ఇంగ్లీషు పని చూస్తూ, మణికుమార్ ఉండేవాడు. బందరు పక్కన గిలకలదిండి వాళ్లది. తండ్రి పోలరాజుకి పడవలో వాటా ఉంది, తల్లి కొండలమ్మ చేపలు అమ్మేది. ఆ ఇంట్లో చదువుకుని టౌనుకి ఉద్యోగానికి వచ్చిన మొదటివాడు. నాకంటే ఏడాది చిన్న. మాట తక్కువ. ఖాళీ దొరికితే ఏదో ఒక రేడియో విప్పేవాడు. వేళ్ల మీద సోల్డరింగ్ కాలిన మచ్చలు ఎప్పుడూ ఉండేవి.

మూడో మనిషి వెంకటప్పయ్యగారు, ప్రూఫ్‌రీడరు. ఒకప్పుడు లెటర్‌ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చిన మనిషి. మధ్యాహ్నం పూట భవానీపురం నుంచి సిటీబస్సులో వచ్చేవారు. ప్రూఫు చూడటం ఇద్దరి పని: ఒకరు పైకి చదవాలి, రెండోవారు కాగితం మీద వేలు పెట్టి సరిచూసుకుంటూ పోవాలి. చదివేది నేనే. గొంతు బాగుంటుందని ఆ పని నాకు అంటగట్టారు. ఆ చివరి ఏడాది ఆయనకి ఒక చాదస్తం పట్టుకుంది.

"అలా గబగబా కాదమ్మాయ్. నువ్వు కొట్టిందే, ఒక్కో అక్షరం విడగొట్టి చదువు. చెవికి తెలియాలి."

"రెండు వందల పేర్ల లిస్టండీ ఇది. విడగొడితే నా గొంతు విరిగిపోతుంది."

ఒకసారి కాగితం తలకిందులుగా పట్టుకుని కూచున్నారు. నేను పగలబడి నవ్వాను. ఆయన కూడా నవ్వి కాగితం తిప్పుకున్నారు. మణి మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, భోజనాల వేళ, మణి ఒక టేప్‌రికార్డర్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"మా అక్క కూతురికి గుణింతాలు రావట్లేదండి రత్నంగారూ. మీరు చదివితే టేపు చేసుకుంటాను. మీ గొంతయితే పిల్ల వింటుందండి."

గొంతు బాగుందంటే నేను పడిపోతానని ఎవరు చెప్పారో వాడికి! వారం రోజులు, టిఫిన్ క్యారియర్ ముందు పెట్టుకుని, క నుంచి క్ష దాకా గుణింతాలన్నీ చదివాను. విసుక్కుంటూనే చదివాను. ఆఖరి రోజు, "ఒత్తులు కూడా కావాలండీ" అన్నాడు. "మీ అక్క కూతురికి ఒత్తులు మీ అక్కనే చెప్పుకోమను" అన్నాను.

1994 వైశాఖం. పెళ్లికార్డుల సీజను, ఊపిరాడని పని. మధ్యలో పాత ప్రింటరు చెడిపోయింది. కొత్తది వచ్చేసరికి పాతదాని వైరు నేనే ఊడదీసి, ప్రింటరుతో సహా అట్టపెట్టెలో పెట్టేశాను. బాగు చేయించవచ్చులే అని దాన్ని అటక ఎక్కించారు. మర్నాడు పొద్దున కంప్యూటర్ పెడితే తెరమీద లాకు లేదన్న మాట వచ్చింది. వెనకాల చూస్తే నిజంగానే లేదు.

ఓనరుగారి ముఖం తెల్లగా పాలిపోయింది. సొరుగులన్నీ తిరగేశాం. బల్లల కింద పాకాం. చివరికి సంచులు వెతికారు. నా సంచీలో దువ్వెన, పచ్చడి డబ్బా. మణి సంచీలో ఒక ఫ్లాపీ, దానితో పాటు బూడిదరంగు ముక్క. ఇరవై అయిదు పిన్నులు, అవే స్క్రూలు. ఓనరుగారు దాన్ని నా చేతిలో పెట్టారు. నేను ఇటు తిప్పి అటు తిప్పి, గట్టిగా అన్నాను.

"ఇది మన లాకే."

అది పెడితే కంప్యూటర్ పనిచేయలేదు. దాని పక్కన చిన్న గుండ్రటి కన్నం, మూత విప్పి మళ్లీ మూసిన గుర్తులు ఉన్నాయి. లాకులు పగలగొట్టి దొంగ కాపీలు చేసేవాళ్లు ఉంటారని అప్పట్లో వినేవాళ్లం. ఇంకేం కావాలి?

"అది నాదండీ" అన్నాడు మణి.

"నీదైతే ఏమిటో చెప్పరా" అన్నారు ఓనరుగారు.

మణి ఒకసారి వెంకటప్పయ్యగారి ఖాళీ కుర్చీ వంక చూశాడు. ఆయన ఆ రోజు సెలవు. "చెప్పలేనండీ" అన్నాడు. అంతే. ఓనరుగారు గిలకలదిండికి మనిషిని పంపి పోలరాజుకి కబురు చేశారు, మీవాడు దొంగ అని. సాయంత్రానికి తండ్రి వచ్చి, కొడుకుని వెంటబెట్టుకుని తీసుకుపోయాడు. వెంకటప్పయ్యగారికి మాత్రం మణి మానేశాడనే చెప్పారు. ఓనరుగారికి పరువు పట్టింపు, ఇంటి సంగతి బయటికి పొక్కకూడదు.

ఆ తర్వాత నలభై రోజులకి ఒక పెళ్లికార్డులో ముహూర్తం తేదీ తప్పు పడింది. ఒక్కో అక్షరం విడగొట్టి చదవమని వెంకటప్పయ్యగారు బతిమాలుకుంటే, నేను చదవనన్న కార్డే అది. ఆయన్ని మాన్పించేశారు. వెళ్తూ గుమ్మం దగ్గర, "ఏడాదిగా కళ్లు కనబడటం లేదమ్మా, చెప్తే తీసేస్తారని చెప్పలేదు" అన్నారు. నేను ఆయన్ని సిటీబస్సు ఎక్కించి వచ్చాను. 2000లో పోయారని తెలిసింది.

2008లో ఆ బిల్డింగు పడగొడతామన్నారు. అప్పటికి ఓనరుగారు విరమించుకుని, షాపు నా చేతికొచ్చి అయిదేళ్లయింది. ఖాళీ చేస్తూ అటక మీది అట్టపెట్టె దింపాను. ప్రింటరు మీద వైరు చుట్ట చుట్టి ఉంది. చుట్ట విప్పితే చివర లాకు వేలాడుతోంది. అసలు లాకు.

వైరుని లాకు నుంచి విడదీయాల్సింది పోయి, లాకు స్క్రూలే విప్పి మొత్తం పెట్టెలో కుక్కాను. నేనే. నిచ్చెన మెట్టు మీదే కూచుండిపోయాను.

బీరువాలో ఆ పాత కవరు ఇంకా ఉంది. ఓనరుగారి దస్తూరీలో "పాడయిన లాకు - మణికుమార్" అని రాసి ఉంది. లోపల ఆ ముక్క, ఆ ఫ్లాపీ. ఓనరుగారికి ఫోన్ చేసి చెప్పాను.

"పధ్నాలుగేళ్ల నాటి సంగతమ్మా. ఇప్పుడెందుకు తవ్వుకోవడం?"

నేను టక్కున ఫోన్ పెట్టేశాను. ఆయన మీద కోపం కంటే నా మీద నాకే ఎక్కువగా ఉంది. వెళ్లి మణి కాళ్లు పట్టుకుందామనుకున్నాను. కానీ ఏమని? నువ్వు లాకు తీయలేదు, సరే. మరి నేను చేతిలో పట్టుకుని నిన్ను దొంగని చేసిన ఈ వస్తువు ఏమిటి? అది కూడా తెలుసుకోకుండా వెళ్లడానికి ముఖం చెల్లలేదు.

మొదటి కంప్యూటర్ షాపతను చూడగానే, "లాకండీ" అన్నాడు. కవరు లాక్కుని బయటికొచ్చేశాను. రెండో అతను ఏదో నెట్‌వర్కు తాలూకు మూత అన్నాడు. మూడో అతను పారేయమన్నాడు. చివరికి ఆటోనగర్‌లో లారీలకి, కార్లకి టేపులు బాగుచేసే పుల్లయ్య దగ్గరికి వెళ్లాను. మా ఆయన స్కూటర్ బాగుచేసే మెకానిక్ చెప్పిన పేరు అది. రేకుల షెడ్డు, చుట్టూ సుత్తుల మోత. పుల్లయ్య స్క్రూలు విప్పి, మూత తీసి, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది మా సరుకేనమ్మా" అన్నాడు.

"మీ సరుకంటే?"

"పాటలది. ఈ కన్నం చూడు, ఇయర్‌ఫోన్ పిన్ను దూరేది. కంప్యూటర్ నుంచి ఎనిమిది వైర్లు వస్తన్నాయా? ఒక్కోదానికీ రెసిస్టర్లు కట్టి, మెట్లు మెట్లుగా పేర్చాడు. ఏ వైరు మీద కరెంటు వస్తే, దాన్నిబట్టి ఈ చివర ఎక్కువో తక్కువో వస్తది. అది గబగబా మారిందనుకో, శబ్దం. లెక్కన నీ కంప్యూటర్‌కి గొంతు అన్నమాట."

"లాకు కాదా?"

"దీంట్లో లాకేముందమ్మా? దీన్ని లాకన్న తెలివిగలోడు ఎవరు?"

"నేనే" అన్నాను. పుల్లయ్య కళ్లద్దాలు దించుకుని నన్ను చూసి, స్క్రూలు బిగించాడు. "చేసినోడు మాత్రం చెయ్యి తిరిగినోడు. ఒక్క సోల్డరింగ్ టాంకా కూడా వదులు లేదు" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

షాపుకి వచ్చి ఆ ముక్కని కంప్యూటర్ వెనక బిగించి, కన్నంలో స్పీకర్ల పిన్ను పెట్టి, ఫ్లాపీ వేశాను. అందులో 'చదువు' అనే పేరుతో ఒక ప్రోగ్రాం. నడిపితే కీచుమని పిచ్చుకల గోల. ఏమీ అర్థం కాలేదు. గంటసేపు తల బద్దలు కొట్టుకున్నాక తట్టింది, ఇది అప్పటి నెమ్మది కంప్యూటర్ కోసం రాసింది, ఇప్పటి మిషను మీద పరుగెడుతోంది. ఖాళీ చేసిన సామాన్లలో మణి పనిచేసిన రెండో మిషను ఉంది. దుమ్ము దులిపి కరెంటు ఇచ్చాను. మూడు సార్లు మొరాయించి, నాలుగోసారి ఆ పాత గుర్రుమనే చప్పుడుతో లేచింది. ఆ చప్పుడు వినగానే ఇరవై రెండేళ్ల వయసు వచ్చి నా పక్కన కూచున్నట్టే అనిపించింది.

ఫ్లాపీ వేసి మళ్లీ నడిపాను. స్పీకర్లలోంచి ఒక్కో అక్షరం విడిగా, నింపాదిగా వచ్చింది.

"వెం... క... ట... ప... య... గా... రూ. నే... ను... చ... దు... వు... తా... ను. మీ... రు... వి... నం... డి. ర... త... నం... గా... రి... కి... గొం... తు... నొ... పి."

ఆ గొంతు నాది. విసుగుతో సహా నాదే. 'ట' వెనకాల నా టిఫిన్ క్యారియర్ చప్పుడు కూడా ఉంది. ఒత్తులు లేవు, నేను చదవనన్నాను కదా. మేం కొట్టిన ఫైలు ఏదిచ్చినా, అక్షరానికి అక్షరం వెతికి నా గొంతుతో పలికే యంత్రం అది. కళ్లు కనబడని ప్రూఫ్‌రీడరు చెవితో తప్పులు పట్టుకోవడానికి. నేను చేయననే పనిని, నా గొంతుతోనే చేయించడానికి. ఆ రోజు మణి ఆ ఖాళీ కుర్చీ వంక ఎందుకు చూశాడో అప్పుడు తెలిసింది. అదేమిటో చెబితే ఎవరికోసమో చెప్పాలి. చెబితే ముసలాయన ఉద్యోగం పోతుంది. బల్లమీద తల పెట్టుకుని ఏడ్చాను.

మర్నాడు సెల్‌ఫోన్లో ఆ గొంతు రికార్డు చేసుకుని, ముక్కని కవర్లో పెట్టుకుని బందరు బస్సెక్కాను. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం వచ్చి అరగంట ఆగింది. ఎప్పుడూ అలాంటప్పుడు డ్రైవర్ని తిడతాను. ఆ రోజు ఇంకాసేపు ఆగితే బాగుండుననిపించింది.

గిలకలదిండిలో అడిగితే, "వైర్‌లెస్ మణేనా?" అని ఇల్లు చూపించారు. గుమ్మం పక్కన బల్ల, బల్లమీద విప్పిన పడవ వైర్‌లెస్ సెట్టు. మణికి జుట్టు పలచబడింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రత్నంగారా? రండి, కూచోండి."

కూచోలేదు. కవరు బల్లమీద పెట్టి, అటక మీద లాకు దొరికిన సంగతి, దాన్ని ఊడదీసింది నేనేనన్న సంగతి, పుల్లయ్య చెప్పింది, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఫోన్ తీసి వినిపించాను. 'వెంకటపయ' దగ్గర మణి నవ్వాడు.

"ఒత్తులు మిగిలిపోయాయండి" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఆయన ఎన్నాళ్లు చేశారండీ, నేను వచ్చేశాక?"

పధ్నాలుగేళ్లుగా వాడు ఏమనుకుంటూ బతికాడో ఆ ప్రశ్నలో తెలిసిపోయింది. చాలా ఏళ్లు చేశారని చెబితే పోయేది. నా నోరు మొదటిసారి తొందరపడలేదు. కానీ వీడి విషయంలో ఇంకో అబద్ధపు సాక్ష్యం చెప్పలేను.

"నలభై రోజులు" అన్నాను. "తప్పు నాది. విడగొట్టి చదవనన్నాను."

మణి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"అయితే చెప్పేసి ఉండాల్సిందండి నేను" అన్నాడు.

"చెప్పినా వినేదాన్ని కాదు మణీ, అప్పుడు."

"మా నాన్న పోయేదాకా, నేను ఎక్కడికన్నా వెళ్తుంటే నా సంచీ వెతికేవాడండి. మా పెళ్లయ్యాక కూడా. మా ఆవిడ పద్మశ్రీ చూస్తుండగానే. తిట్టేవాడు కాదు. వెతికి, సంచీ చేతికిచ్చి, వెళ్లు అనేవాడు." మణి కవరు చేతిలోకి తీసుకున్నాడు. "ఆయన లేడు. మా అమ్మ ఉంది. మీరు ఆవిడకి చెప్తారా? నేను చెప్తే ఇన్నేళ్లూ నమ్మలేదు."

ఇంటి వెనక గట్టు మీద వలలు పరిచి, వాటి మీద చేపలు ఎండబెడుతున్నారు. పదిహేను మంది ఆడవాళ్లు ఉంటారు. కొండలమ్మ వాళ్ల మధ్యలో కూచుని చేపలు తిరగేస్తోంది. మణి భార్య పద్మశ్రీ కూడా అక్కడే ఉంది. మణి తల్లి దగ్గర వంగి, "అమ్మా, బెజవాడ నుంచి వచ్చారు. నాతో పనిచేసినావిడ" అన్నాడు. కొండలమ్మ తలెత్తి నన్ను చూసింది.

"కొండలమ్మగారూ, మీ అబ్బాయి లాకు తీయలేదండి" అన్నాను.

"ఏంటమ్మా? నాకు చెముడు. గట్టిగా చెప్పు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చేతులు ఆపి చూస్తున్నారు. నా గొంతు బాగుంటుందని ఒకప్పుడు అందరూ అనేవాళ్లు. ఆ గొంతుతోనే ఆ రోజు షాపంతా వినబడేలా అన్నాను. ఊపిరి బాగా పీల్చుకున్నాను.

"మీ అబ్బాయి దొంగ కాదు! దొంగ అన్నది నేను! తప్పు నాది!"

గట్టు చివర దాకా వినబడింది. పద్మశ్రీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మణి అటు తిరిగి నిలబడ్డాడు. కొండలమ్మ చేతిలో చేపని నెమ్మదిగా వల మీద పెట్టి, చెవి దగ్గర చెయ్యి ఆనించింది. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఆవిడకి మొదటిసారే బాగా వినబడిందని నాకు తెలుసు.

"వినపళ్ళేదమ్మా," అంది. "ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాను.